పదమూడో ఇటుక

రోజు 1

మోటారు తెప్ప మీద మూడు గంటలు కూర్చుని కొత్తమొగ చేరేసరికి నడుం పట్టేసింది. ఎండ సైరన్ మోగడానికి పావుగంట ముందు దిగాను కాబట్టి సరిపోయింది. లేకపోతే, ఎండలో ఎవరూ తిరగకూడని పదింటి నుంచి సాయంత్రం ఐదు దాకా రేవులోని రేకుల పందిరి కిందే మాడేదాన్ని.

నియమం ప్రకారం రాస్తున్నాను. నా పేరు హైమావతి. వయసు యాభై రెండు. పర్యావరణ మదింపు అధికారిని. ఏ పెద్ద ప్రాజెక్టుకైనా అనుమతి ఇచ్చే ముందు మాలో ఒకరు ఆ స్థలానికి వెళ్ళి, అన్నిటికన్నా పల్లంలో ఉన్న ఇంట్లో ముప్పై రోజులు ఉండాలి. ఆ ఇంటివాళ్ళు తాగే నీళ్ళే తాగాలి. రోజూ ఈ పుస్తకంలో పెన్నుతో రాయాలి. యంత్రంలో రాసినదాన్ని తర్వాత ఎవరైనా దిద్దవచ్చు కాబట్టి పెన్ను. మా శాఖలో నాకు నచ్చిన నియమం ఇదొక్కటే.

ప్రాజెక్టు ఏమిటంటే, ఏరు సముద్రంలో కలిసేచోట పందొమ్మిది కిలోమీటర్ల కట్ట. కట్ట లోపల మంచినీటి చెరువు, చెరువు పక్కన అరవై వేలమందికి కొత్త పట్నం. మునిగిపోయిన ఊళ్ళవాళ్ళు ఆ పట్నం కోసం శిబిరాల్లో ఎదురుచూస్తున్నారు. కొత్తమొగలో ఉన్నవి నలభై మూడు ఇళ్ళు. వాళ్ళకు పట్నంలో మొదటి వీధి ఇస్తామని కంపెనీ మాటిచ్చింది.

నివేదిక ఎనిమిది వందల పేజీలు. ప్రాజెక్టు వల్ల గాలికీ నీటికీ చేపలకూ ఏమవుతుందో ఆరు అధ్యాయాల్లో ఉంది. మారుతున్న వాతావరణం వల్ల ప్రాజెక్టుకు ఏమవుతుందో ఏడో అధ్యాయంలో ఉంది. మొదటి ఆరూ అందరూ బాగానే రాస్తారు. నా గురి ఎప్పుడూ ఏడోదాని మీదే.

రోజు 2

నేను దిగిన ఇల్లు ఓలేటి నూకరత్నంగారిది. అరవై ఆరేళ్ళ మనిషి, ఒక్కతే ఉంటుంది. ఊళ్ళో సముద్ర మట్టం కొలిచి రాసేది ఈమేనట. సంఘం హాలు మూల స్తంభానికి అంకెలు వేసిన పొడవాటి పలక బిగించి ఉంది. దాని కింది భాగం ఏటి నీళ్ళలోకి దిగి ఉంటుంది. రోజూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నీళ్ళు ఏ అంకె దగ్గరున్నాయో చూసి ఈమె పుస్తకంలో రాస్తుంది. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఒక్క పూట కూడా మానలేదని చెప్పింది.

"జొరం వత్తే?" అన్నాను, ఆమె యాస నాకూ అంటుకుని.

"జొరం నాకొత్తాది గానండి, సముద్రానికి రాదు కదండి," అంది.

మాటకారి. మాటకారులంటే నాకు మొదటి నుంచీ అనుమానమే.

రోజు 4

ఏడో అధ్యాయం చదివాను. ముప్పై ఒక్క ఏళ్ళలో కొత్తమొగ దగ్గర సముద్రం పెరిగింది నాలుగు సెంటీమీటర్లు.

మళ్ళీ చదివాను. నాలుగే. ఉత్తరాన పొరుగు రేవులో ఎనభై ఐదు. దక్షిణాన తొంభై ఒకటి. మధ్యలో ఉన్న ఈ ఊరిని మాత్రం సముద్రం మొహమాటపడి వదిలేసిందన్నమాట.

భవిష్యత్తు లెక్కగట్టే యంత్రాన్ని మా ఆఫీసులో ముద్దుగా జోస్యం అంటాం. జోస్యం దీనికి కారణం కూడా చెప్పింది. ఒండ్రు మేట వేసి నేల పెరుగుతోందట. ఉపగ్రహాలు ఈ బురద తీరంలో నీటికీ నేలకూ తేడా పట్టలేవు కాబట్టి, ముప్పై ఏళ్ళ స్థానిక కొలత ఎక్కడైనా ఉంటే అదే ప్రమాణమని నియమం. అంటే ఈ అరవై వేలమంది పట్నమంతా నూకరత్నంగారి పుస్తకాల మీద నిలబడి ఉంది.

కట్టను పెద్ద తుఫాను పోటు కన్నా ఒక మీటరు ఎక్కువ ఎత్తు కడతారు. నాలుగు సెంటీమీటర్ల లెక్కన ఎనభై ఏళ్ళకు కూడా ఆ మీటరులో పదో వంతే ఖర్చవుతుంది. చూడటానికి ఎంతో బాగుంది. నాకు చెవిలో పువ్వు పెడుతున్నారు.

రోజు 6

కొలతలన్నీ గీత గీసి చూశాను. గీత నున్నగా లేదు, రంపం పళ్ళలా ఉంది. రెండున్నరేళ్ళ పాటు మెల్లగా ఏడు సెంటీమీటర్లు పెరుగుతుంది, తర్వాత ఒక్కరోజులో ఏడూ పడిపోతుంది. మళ్ళీ పెరుగుతుంది, మళ్ళీ పడుతుంది. అలాంటి పళ్ళు పన్నెండు.

సముద్రం ఒక్కరోజులో ఏడు సెంటీమీటర్లు దిగి అక్కడే ఉండిపోదు. ఎవరో కూర్చుని తీసేస్తున్నారు. కంపెనీయేనా? కంపెనీ ఇక్కడికి వచ్చి నాలుగేళ్ళే. పళ్ళు ముప్పై ఒక్క ఏళ్ళవి. అయితే ఈ ఇంట్లోనే తీసేస్తున్నారు.

ఆమె నాకు ఎండు మెత్తళ్ళు వేయించి, ఉప్పునీటిలో పండిన బియ్యపు అన్నంలో పెట్టింది. తింటూ ఆమె చేతులవైపు చూశాను. ఇంతకు ముందు నాలుగు ప్రాజెక్టుల్లో నేను పట్టుకున్న దొంగలందరూ నాకు బాగానే వండిపెట్టారు.

రోజు 9

మూడు రోజులుగా ఆమె కన్నా ముందే వెళ్ళి పలక చూస్తున్నాను. నా అంకె చీటీ మీద రాసుకుని, తర్వాత ఆమె పుస్తకంలోది చూస్తున్నాను. ఆరుసార్లూ ఒక్కటే. ఒకసారి అల వల్ల నేను అర సెంటీమీటరు తప్పు చదివితే, "అల దిగినాక సూడాలండి, ఎక్కేటప్పుడు కాదు," అని నన్నే దిద్దింది.

నేను గమనిస్తున్నానని ఆమెకు తెలుసు. తెలిసినప్పుడు అందరూ నిజాయితీగానే ఉంటారు.

రోజు 11

కంపెనీ ఇంజినీరు నవనీత్ తెప్ప మీద వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి, ఎప్పుడూ నవ్వుతుంటాడు. నాకు రెండు డబ్బాల మంచినీళ్ళు తెచ్చాడు. నియమం ఒప్పుకోదని తిప్పి పంపాను.

"ఏడో అధ్యాయం మీద ఏమైనా సందేహాలున్నాయా మేడం?"

"ఉన్నాయి."

"ఏం సందేహం?"

"తేలాక రాస్తాను."

నవ్వు తగ్గలేదు కానీ, పుస్తకం ఎప్పటికి పూర్తవుతుందని రెండుసార్లు అడిగాడు.

రోజు 14

నివేదికలో ఉన్నవి నూకరత్నంగారి పుస్తకాల నకళ్ళు. అసలు పుస్తకాలు ఆమె ట్రంకుపెట్టెలో ఉన్నాయి. ఇవాళ సైరన్ వేళ అడిగితే కాదనకుండా తీసిచ్చింది.

నకలు తీసినవాళ్ళు అంకెల గడుల వరకే తీశారు. అసలు పుస్తకంలో గడుల పక్కన అంచు ఉంది, ఆ అంచులో అక్కడక్కడా ఎర్ర సిరా చుక్కలున్నాయి. లెక్కపెట్టాను. పన్నెండు. ప్రతి చుక్కా రంపం పన్ను విరిగిన రోజునే పడింది.

దొంగ దొరికిందని సంతోషించాల్సింది పోయి బాధేసింది. పద్నాలుగు రోజులు ఆమె చేతి తిండి తిన్నాను కదా.

"ఈ చుక్కలేంటి నూకరత్నంగారూ?"

"ఎత్తుబడి రోజులండి."

"ఎత్తుబడి అంటే?"

"ఇంకో మూడ్రోజుల్లో మీరే సూత్తారండి," అని బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ కూర్చుంది. మాట దాటేసిందని రాసుకున్నాను.

రోజు 17

చూశాను. ఇది వివరంగా రాయాలి.

తెల్లవారగానే ఊరంతా వీధిలోకి వచ్చింది. ఇక్కడి ఇళ్ళు చెక్క చట్రం మీద పీచు పలకలు బిగించినవి. ఇటుక దిమ్మెల మీద నిలబడి ఉంటాయి. నీళ్ళు గడపకు దగ్గరపడ్డప్పుడల్లా, అంటే రెండు మూడేళ్ళకోసారి, ఊళ్ళో ప్రతి ఇంటినీ జాకీలతో లేపి ప్రతి దిమ్మె మీదా ఒక ఇటుక వరస పేరుస్తారు. దాన్నే ఎత్తుబడి అంటారు.

మేస్త్రి మల్లాడి ధనరాజు. గొంతు మైకు అక్కర్లేని గొంతు. "పట్టు" అంటే అందరూ జాకీ పిడి ఒక్క చుట్టు తిప్పాలి. "ఆగు" అంటే చీమ కూడా కదలకూడదు. నన్ను కూడా ఒక పిడి దగ్గర నిలబెట్టాడు.

"మేడంగారు చూత్తానికొచ్చారు, చేత్తానికి కాదు," అన్నారెవరో.

"ఈ ఊళ్ళో అన్నం తిన్నాక చేత్తానికే," అన్నాడు ధనరాజు.

ఇళ్ళు, బడి, కోళ్ళ గూళ్ళు, తులసి కుండీలు, ఎవరూ లేని రెండు ఇళ్ళు, అన్నీ ఎత్తారు. ఖాళీ ఇళ్ళు ఎందుకని అడిగాను. ఎత్తకుండా ఒక్కటి వదిలినా దాన్ని సముద్రానికి ఇచ్చేసినట్టేనట. అలా వదలడం ఈ ఊళ్ళో తప్పు.

చివరికి సంఘం హాలు. పదహారు దిమ్మెలు, పదహారు జాకీలు, తొమ్మిదిన్నరకల్లా అయిపోయింది. హాలుతోపాటు మూల స్తంభం లేచింది. స్తంభంతోపాటు కొలత పలక లేచింది.

నేను జాకీ పిడి వదిలేశాను. ధనరాజు నన్ను తిట్టాడు, నాకు వినపడలేదు.

రోజు 18

పోటు దిగినప్పుడు బురదలోకి దిగి మూల స్తంభం కింద ఇటుకలు లెక్కపెట్టాను. పాతవి పన్నెండు వరసలు, నిన్నటిది పదమూడోది. ఒక్కో వరస ఏడు సెంటీమీటర్లు. పన్నెండు ఏడులు ఎనభై నాలుగు. పలక చూపించిన నాలుగు కలిపితే ఎనభై ఎనిమిది. ఉత్తరాన ఎనభై ఐదుకూ దక్షిణాన తొంభై ఒకటికీ సరిగ్గా మధ్య.

దొంగ లేడు. సముద్రం పెరిగినప్పుడల్లా ఈ ఊరు తన కొలబద్దను తనతోపాటు పైకి ఎత్తుకుంది, అంతే. నిన్నటి ఎత్తుబడి తర్వాత పలకను నమ్మితే, ముప్పై ఒక్క ఏళ్ళలో సముద్రం మూడు సెంటీమీటర్లు తగ్గింది.

"పలక మునగకూడదు, దాన్ని కాపాడాలి అని రాసిచ్చారండి శాఖవాళ్ళు," అంది నూకరత్నంగారు, ఆ కాగితం కూడా తీసి చూపించి. "తనిఖీకొచ్చినోళ్ళంతా పలక నిటారుగా ఉందా, అంకెలు అవుపడతన్నాయా అని సూసి సంతకం ఎట్టి ఎల్లిపోయేవోరు." వాళ్ళలో ఒక్కరూ వంగి ఇటుకలు చూడలేదు. ఎత్తుబడి రోజులకు ఆమె పెట్టిన చుక్కల్ని నకలు తీసినవాళ్ళు కత్తిరించేశారు. పడిపోయిన అంకెల్ని జోస్యం చదును చేసుకుని, దానికి ఒండ్రు మేట అని పేరు పెట్టింది.

నిజం లెక్కలో కట్ట మీద మిగిలే ఆ ఒక్క మీటరు ముప్పై ఐదేళ్ళలో అయిపోతుంది. ఆ తర్వాత వచ్చే పెద్ద తుఫానుకు అరవై వేలమంది నెత్తి మీదికి నీళ్ళు వస్తాయి.

రోజు 19

నవనీత్‌కు ఫోన్ చేసి ఎత్తుబడి గురించి తెలుసా అని అడిగాను.

"తెలుసు మేడం, ఎంత మంచి ఆచారమో. కిందటిసారి రెండు జాకీలు మేమే ఇచ్చాం. మా కరపత్రంలో ఫోటో కూడా ఉంది."

నివేదికతోపాటు ఇచ్చిన కరపత్రం తీసి ఆ ఫోటో చూశాను. గాల్లోకి లేచిన హాలు, దాని ముందు నవ్వుతూ నవనీత్, అతని భుజం పక్కనే కొలత పలక. తెలిసి నోరు మూసుకున్నాడో, చూసి కూడా చూడలేదో నాకు అంతు పట్టలేదు. ఫోటోను ఈ పేజీకి అంటించాను.

రోజు 22

మా డైరెక్టర్ పద్మనాభంగారు తనంతట తానే ఫోన్ చేశారు. నేను ఆయనకు ఏమీ చెప్పలేదు. నవనీత్ చెప్పి ఉండాలి.

"రాసే ముందు ఒక్కటి ఆలోచించుకో హైమా. ఆ నాలుగు సెంటీమీటర్లు తప్పని నువ్వు రాస్తే కొత్తమొగ మునక జాబితాలోకి ఎక్కుతుంది. కరెంటు ఆగుతుంది, నీళ్ళ పడవ ఆగుతుంది, తొంభై రోజుల్లో అందరినీ మెట్ట మీది శిబిరానికి తోలేస్తారు. పాపం, ఆ నాలుగు సెంటీమీటర్ల పుణ్యాన ఇన్నాళ్ళూ బతికిపోయారు."

నిజమే. నాకు తట్టలేదు, లేదా తట్టనివ్వలేదు. ఈ ఊళ్ళు వరసగా జాబితాకు ఎక్కుతుంటే ఇదొక్కటే ఎందుకు మిగిలిందో ఇప్పుడు తెలిసింది. కానీ పద్మనాభంగారికి ఊరి మీద ఇంత ప్రేమ ఎప్పుడు పుట్టిందో మాత్రం తెలియలేదు.

రోజు 24

ఇంకో నియమం ఉంది. పుస్తకం ముగించే ముందు ఆ ఇంటి యజమానికి మొత్తం చదివి వినిపించి సంతకం తీసుకోవాలి. అది లేకపోతే పుస్తకం చెల్లదు. చెల్లకపోతే ఏడో అధ్యాయం ఉన్నది ఉన్నట్టు ఆమోదం పొందుతుంది. అంటే ఊరిని జాబితాకు ఎక్కించే సంతకం నూకరత్నంగారే పెట్టాలి.

ఇవాళ ఆమెకు విషయమంతా చెప్పాను. విని, ట్రంకుపెట్టె వైపు చూసింది.

"అయితే నేను రాసిందంతా అబద్ధమాండి?"

"మీరు చూసింది చూసినట్టే రాశారు. పలక చెప్పింది తప్పు."

"రాసింది నేనే కదండి," అంది. సాయంత్రం ఎప్పటిలాగే పుస్తకం పట్టుకుని పలక చూడటానికి వెళ్ళింది.

రోజు 27

ఊళ్ళో అందరికీ తెలిసిపోయింది. ధనరాజు వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. అతని కూతురు తన ఇద్దరు పిల్లలతో శిబిరంలో ఉంది. పట్నంలో మొదటి వీధిలో ఇల్లొస్తే అందరూ ఒక్కచోట ఉండొచ్చని నాలుగేళ్ళుగా ఎదురుచూస్తున్నాడు.

"ఈ ముక్క రాయకపోతే ఏవవుద్దండి?"

"ముప్పై ఐదేళ్ళు ఏమీ కాదు."

"ముప్పై ఐదేళ్ళంటే సానా కాలం. అప్పటికి పట్నపోళ్ళకి మేం ఎత్తుబడి నేర్పుతామండి."

"ఎనిమిది అంతస్తుల కాంక్రీటు ధనరాజుగారూ. ఏ జాకీకీ లేవదు."

లోపలి నుంచి నూకరత్నంగారు అడిగింది. "కట్ట మీంచి నీళ్ళు పొర్లి లోనకొచ్చాయనుకోండి, మళ్ళీ ఎటు పోతాయండి?"

"ఎటూ పోవు. కట్ట లోపలే నిలిచిపోతాయి."

వెళ్ళేటప్పుడు ధనరాజు నా పుస్తకం ఎక్కడుందో కళ్ళతో వెతికాడు. నేను చూశాను.

రోజు 29

పుస్తకం ఆమెకు చదివి వినిపిస్తానన్నాను. "రేపండి," అంది. నిన్న కూడా అదే మాట. ఎల్లుండి నా తెప్ప వచ్చేస్తుంది. రోజులు దొర్లించి సంతకం ఎగ్గొడుతుందనే నా అనుమానం. ఆమెను తప్పుపట్టే ముఖం నాకు లేదు. ఆమె స్థానంలో నేనున్నా అదే చేస్తానేమో. అయినా పుస్తకం తలగడ కింద పెట్టుకుని పడుకుంటున్నాను.

రోజు 30

పొద్దున లేచేసరికి తలగడ కింద పుస్తకం లేదు. నూకరత్నంగారు ఇంట్లో లేదు.

ముందు ధనరాజు అనుకున్నాను. తర్వాత నవనీత్ ఎవరినైనా పంపాడా అనుకున్నాను. చివరికి ఆమే పొయ్యిలో పెట్టేసిందేమోనని బూడిద కెలికి చూశాను. చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరిగెత్తాను. వీధిలో ఒక్క మనిషి లేడు.

అందరూ సంఘం హాలులో ఉన్నారు. చాపల మీద ఊరు ఊరంతా కూర్చుని ఉంది. మధ్యలో నూకరత్నంగారు కళ్ళజోడు పెట్టుకుని నా పుస్తకం పైకి చదువుతోంది. నేను గుమ్మంలో ఆగేసరికి ఆరో రోజు మీద ఉంది. దొంగలందరూ నాకు బాగానే వండిపెట్టారని నేను రాసిన వాక్యం, నా ఎదురుగానే, గొంతు మార్చకుండా చదివింది. ఒకరిద్దరు నా వైపు చూశారు. సిగ్గుతో నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆమె ఆగలేదు. జాకీ పిడి వదిలేశానని చదివినప్పుడు మాత్రం జనంలో నవ్వు వినిపించింది. ఇరవై తొమ్మిదో రోజు దాకా చదివి, కళ్ళజోడు తీసి, పెన్ను అడిగింది.

"నన్ను క్షమించండి," అన్నాను.

"మీ ఉజ్జోగం మీరు చేశారండి," అంది. తర్వాత ఊరివాళ్ళ వైపు తిరిగింది. "మనం మునిగితే మనల్ని మనం ఎత్తుకుంటాం. ఆ పట్నపోళ్ళు ఎత్తుకోలేరు. నేను సంతకం ఎట్టేత్తన్నాను."

పెట్టింది. నిదానంగా, పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా.

ఆమె పెన్ను మూత పెట్టబోతుంటే ధనరాజు చెయ్యి చాచాడు. నేను ముందుకు దూకాను, చించేస్తాడని. అతను పెన్ను తీసుకుని ఆమె పేరు కింద తన పేరు రాశాడు.

"యజమాని సంతకం ఒక్కటే చాలు," అన్నాను.

"చాలదండి. ఒక్కటే ఉంటే రేపు శిబిరంలో పిల్లా పెద్దా అందరూ నూకరత్నమే ఊరిని ముంచేసిందంటారు. ఇది ఊరంతా కలిసి చెప్పిన మాట. అందరం ఎడతాం."

ఇంటికొకరు చొప్పున లేచి వచ్చారు. చదువు రానివాళ్ళు వేలిముద్ర వేశారు. ఖాళీగా ఉన్న ఆ రెండు ఇళ్ళ తరఫున ఎవరు పెట్టాలని కాసేపు వాదించుకుని, అవి కూడా ధనరాజు చేతే పెట్టించారు. నలభై మూడు. పక్కన కూర్చున్న ఒకావిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూనే, తన వంతు దాటిపోతుందేమోనని పేజీ వంక చూస్తోంది.

తొంభై రోజుల తర్వాత ఈ ఊళ్ళో ఎవరూ ఉండరు. కట్ట సరైన ఎత్తుకు మళ్ళీ లెక్కగడతారో, అసలు కట్టడమే మానేస్తారో నాకు తెలియదు. ధనరాజు కూతురికి ఇల్లు ఎప్పుడొస్తుందో నేను చెప్పలేను. అతను అడగలేదు.

చివరికి పుస్తకం నా చేతికి వచ్చింది. అధికారి సంతకం పేజీ అడుగున పెట్టాలి. అడుగున వేలిముద్రలే ఉన్నాయి, చోటు లేదు. ఎక్కడ పెట్టాలో తెలియక పెన్ను పట్టుకుని నిలబడిపోయాను.

నూకరత్నంగారు తన పేరు పక్కన కాస్త ఖాళీ ఉన్నచోట వేలు పెట్టి చూపించింది. "ఇక్కడెట్టండి, సరిపోద్ది," అంది.

అక్కడే పెట్టాను.